కొమ్మలు ముక్కలు చేసే యంత్రం కొంటున్నారా? బండికి బిగించే ముందు ఇది చదవండి

అద్దె యంత్ర కేంద్రాలు నడుపుతున్న రైతు సంఘాలకు, చెట్ల కొమ్మలు కొట్టే పనులు చేస్తున్న యువకులకు ఈ సమాచారం. ఫోన్‌లో దాచుకోండి, మీ గ్రూపులో మిగతావాళ్లకూ పంపండి.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం ఉద్దానాన్ని ఎలా ఊడ్చేశాయో మీలో చాలామంది కళ్లారా చూశారు. చెట్టు కొట్టడం ఒక రోజు పనైతే, కొట్టిన కొమ్మ ఎత్తిపోయడం నాలుగు రోజుల పని. వుడ్ చిప్పర్ ఉపయోగం అక్కడే. నాలుగైదు ట్రాలీల కొమ్మ దాదాపు ఒక ట్రాలీ పొట్టుగా మారిపోతుంది. తుపాను లేకపోయినా మామిడి తోటల్లో కత్తిరింపులు, కరెంటు లైన్ల కింద కొమ్మలు, కాలనీల్లో పెరిగిపోయిన చెట్లు, ఇలా ఏడాది పొడవునా పని ఉంటుంది.

అయితే క్షేత్ర పరిశీలనకు వెళ్లినప్పుడు నేను చూసిన ఒక దృశ్యం చెప్పాలి. ఒక గ్రామంలో కొత్త చిప్పర్, ఇంకా పెయింటు కూడా పోలేదు, పశువుల పాక వెనక పట్టా కప్పుకుని ఉంది. 35 హెచ్‌పీ ట్రాక్టర్ ఉన్న సంఘానికి ఆరంగుళాల కొమ్మ తినే యంత్రం అంటగట్టారు. లావు కొమ్మ పెట్టగానే ట్రాక్టర్ ఆగిపోయేది. యంత్రం పాకలో, బ్యాంకు వాయిదా మాత్రం నెలనెలా నెత్తిమీద. సబ్సిడీ వచ్చింది కదా అని సంతోషించే లోపే ఇలా జరగకూడదు.

ముందు మీ పని ఏమిటో తేల్చుకోండి

డీలర్ దగ్గరికి వెళ్లే ముందు ఒక కాగితం మీద రాసుకోండి: నెలలో ఎక్కువ రోజులు మీ చేతికి వచ్చే కొమ్మ ఏది? మామిడి, జామ కత్తిరింపులా? రోడ్డు పక్క నిద్రగన్నేరు, తురాయి, వేప కొమ్మలా? కొబ్బరి మట్టలా?

ఇది ఎందుకంటే, అన్ని యంత్రాలూ ఒకటి కాదు. చిప్పర్‌లో పదునైన కత్తులు ఉంటాయి. అవి గుండ్రటి డిస్క్ మీదైనా, డ్రమ్ము మీదైనా బిగించి ఉంటాయి. కొమ్మను బిళ్లలు బిళ్లలుగా చెక్కుతాయి. ష్రెడ్డర్ వేరు. దాంట్లో సుత్తుల్లాంటివి తిరుగుతూ బాది చీలుస్తాయి. కొబ్బరి మట్ట, ఆయిల్‌పామ్ మట్ట పీచు సరుకు. కత్తి చిప్పర్‌లో పెడితే పీచు షాఫ్ట్‌కు చుట్టుకుని గంటకోసారి ఆపి తీయాల్సి వస్తుంది. కోనసీమలో, ఉద్దానంలో కొబ్బరి ఎక్కువ ఉన్నవాళ్లు ష్రెడ్డర్ వైపే చూడటం మంచిది, లేదా రెండూ కలిసి ఉన్న మోడల్ అడగండి. కొబ్బరి మొద్దు మాత్రం ఈ చిన్న యంత్రాల పని కాదు, ఎవరు చెప్పినా నమ్మకండి.

ఇంకో మాట. పొట్టు పేపర్ మిల్లు కొంటుందిలే అన్న ఆశతో లెక్కలు వేయకండి. సుబాబుల్, జామాయిల్ రైతుల నుంచి మిల్లులకు వెళ్లేది తోలు తీసిన దుంగలు. ఆకు, బెరడు కలిసిన మీ పొట్టు వాళ్లకు పనికిరాదు. తోటల్లో చెట్ల మొదళ్ల దగ్గర మల్చింగ్‌కి, కంపోస్టుకి, బాయిలర్లు ఉన్న పరిశ్రమలకు అమ్ముకోవచ్చు. కొనేవాళ్లతో ముందే మాట్లాడుకోండి.

ట్రాక్టర్‌ను బట్టి యంత్రం

ట్రాక్టర్ మీద రాసిన హెచ్‌పీ ఇంజిన్‌ది. వెనక పీటీఓ దగ్గరికి వచ్చేసరికి అందులో సుమారు 85 శాతమే మిగులుతుంది. 45 హెచ్‌పీ ట్రాక్టర్ అంటే పీటీఓ దగ్గర 38 అటూఇటూ. పచ్చి కొమ్మ తేలికగా తెగుతుంది, ఎండిన చింత, వేప కొమ్మ యంత్రాన్ని బిగబడుతుంది. అందుకే 35 హెచ్‌పీ ట్రాక్టర్‌కు నాలుగంగుళాల యంత్రం, 45 నుంచి 50 హెచ్‌పీకి ఐదారు అంగుళాల యంత్రం అనుకోవడం క్షేమం. కేటలాగులో రాసిన అంగుళాలు పచ్చి మెత్తటి కర్రకు రాసినవేమో అడగండి.

సాధారణంగా పీటీఓ నిమిషానికి 540 తిప్పులు తిరుగుతుంది. ఏ ఇంజిన్ స్పీడు దగ్గర ఆ 540 వస్తుందో ట్రాక్టర్ మీటరు మీద గుర్తు ఉంటుంది. యంత్రం కూడా 540కే తయారైనదో లేదో చూసి తీసుకోండి.

తర్వాత బరువు. త్రీ పాయింట్ లింకేజీకి బిగించే చిప్పర్ నాలుగైదు వందల కిలోలు ఉంటుంది. హైడ్రాలిక్ ఎత్తుతుంది, నిజమే. కానీ అంత బరువు వెనక వేలాడితే ట్రాక్టర్ ముందు చక్రాలు తేలికైపోతాయి, గట్టు ఎక్కేటప్పుడు స్టీరింగ్ మాట వినదు. ముందు బంపర్‌కు వెయిట్లు పెట్టించండి. పని చేసేటప్పుడు యంత్రాన్ని గాల్లో ఉంచకుండా నేలమీదికి దించండి.

పీటీఓ షాఫ్ట్ విషయంలోనే ఎక్కువమంది నష్టపోతున్నారు. కొత్త షాఫ్ట్ పొడవుగా వస్తుంది. మీ ట్రాక్టర్‌కు కొలిచి కోయించాలి. పొడవుగా వదిలేస్తే లింకేజీ ఎత్తినప్పుడు లోపలికి దిగి, దిగడానికి చోటు లేక గేర్‌బాక్స్‌ను పగలగొడుతుంది. మరీ పొట్టిగా కోస్తే తిరుగుతూ ఊడిపోతుంది. లోపలి గొట్టం, బయటి గొట్టం కనీసం మూడో వంతు ఒకదాంట్లో ఒకటి ఉండాలి. రెండు చివర్ల జాయింట్లు ఒకే వరసలో ఉన్నాయా అని మెకానిక్‌తో చూపించండి. షాఫ్ట్ మీద ప్లాస్టిక్ తొడుగు, దాన్ని తిరగకుండా ఆపే గొలుసు ఉంటాయి. అవి అడ్డంగా ఉన్నాయని పీకేయకండి. షియర్ బోల్ట్ తెగితే అదే సైజు, అదే రకం వేయండి. గట్టి బోల్ట్ వేస్తే ఈసారి తెగేది బోల్ట్ కాదు, గేర్‌బాక్స్.

మినీ ట్రక్కు మీద బిగించాలనుకుంటే

టౌన్లలో తిరగడానికి ట్రాక్టర్ కంటే చిన్న గూడ్స్ బండి బాగుంటుందని కొందరు అడుగుతున్నారు. సొంత ఇంజిన్ ఉన్న చిప్పర్‌ను బండి తొట్టిలో బిగించడం సాధ్యమే. కానీ లెక్క చూడండి. మీ ఆర్‌సీలో రెండు బరువులు ఉంటాయి, ఖాళీ బండిది, లోడుతో అనుమతించినది. ఆ రెంటికీ తేడా 750 కిలోలు అనుకుందాం. చిప్పర్ 500, దాని ఫ్రేము 60, డీజిలు, పనిముట్లు 40. మిగిలింది 150. డ్రైవరు, మరో మనిషి ఎక్కితే దాదాపు సున్నా. పచ్చి పొట్టు ఒక ఘనమీటరు సుమారు 300 కిలోలు తూగుతుంది. అంటే పొట్టు వేసుకోవడానికి వేరే బండి కావాల్సిందే. ఈ లెక్క వేసుకోకుండా కొన్నవాళ్లు ప్రతి ట్రిప్పూ ఓవర్‌లోడ్‌తోనే తిరుగుతారు.

ఛాసిస్‌కు వెల్డింగ్ చేయించడం, ఎక్కడపడితే అక్కడ రంధ్రాలు వేయించడం వద్దు, ఛాసిస్ బలహీనపడి పగులుతుంది. కింద సబ్‌ఫ్రేమ్ వేసి యూ-బోల్టులతో, బ్రాకెట్లతో పట్టించాలి. కొమ్మ పెట్టే నోరు బండి వెనకకు గానీ ఎడమ పక్కకు గానీ ఉండాలి. మన దగ్గర బండి రోడ్డుకు ఎడమవైపు ఆగుతుంది కాబట్టి కుడి పక్క నిలబడి పని చేసేవాడు లారీల మధ్య నిలబడ్డట్టే. పొట్టు చిమ్మే గొట్టం రోడ్డు మీదికి తిరిగి ఉండకూడదు. వెనక లైట్లు, నెంబరు ప్లేటు కనపడాలి.

మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు, తయారీదారు నిర్దేశించినవి మారేలా బండిని మార్చకూడదు. కాబట్టి శాశ్వతంగా బిగించే ముందు రవాణా శాఖ కార్యాలయంలో అడిగి అనుమతి తీసుకోండి. వెనక లాక్కెళ్లే చక్రాల చిప్పర్‌కూ రిజిస్ట్రేషన్ సంగతి అక్కడే తేల్చుకోండి. వ్యవసాయం పేరుతో రిజిస్టరైన ట్రాక్టర్‌తో మున్సిపాలిటీ కాంట్రాక్టు పనికి వెళ్లేవాళ్లు ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి కూడా రాతపూర్వకంగా జవాబు తెచ్చుకోండి. ప్రమాదం జరిగాక పాలసీ తిరగేస్తే లాభం లేదు.

చెయ్యి పోతే రాదు

చాఫ్ కట్టర్‌లో, నూర్పిడి యంత్రంలో వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు ప్రతి ఊళ్లో ఒకరిద్దరు కనిపిస్తారు. చిప్పర్ వాటికంటే వేగంగా లాక్కుంటుంది. కొమ్మ పట్టుకున్న చేతిని వదిలే టైము కూడా ఇవ్వదు.

లుంగీ, తువ్వాలు, చున్నీ, చీర కొంగు, చేతికి కట్టుకున్న దారాలు, వదులు గ్లౌజులు, ఏవీ ఉండకూడదు. కళ్లద్దాలు, హెల్మెట్, చెవులకు మఫ్లు, బూట్లు ఉండాలి. కొమ్మను మొదలు వైపు నుంచి పెట్టి, పక్కకు జరిగి నిలబడండి, ఎదురుగా కాదు. చివరి చిన్న ముక్కల్ని చేత్తోనో కాలితోనో తోయకండి, తర్వాతి కొమ్మతో గానీ పొడవాటి కర్రతో గానీ నెట్టండి. నోటి దగ్గర ఎమర్జెన్సీ బార్ లేని యంత్రం కొననే వద్దు.

ఇరుక్కుంటే పీటీఓ తీసేయండి, ఇంజిన్ ఆపండి, తాళం తీసి మీ జేబులో పెట్టుకోండి. అప్పుడు కూడా ఆగండి. బరువైన డ్రమ్ము ఇంజిన్ ఆగాక కూడా చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది. చప్పుడు పూర్తిగా ఆగాకే మూత తీయాలి.

రోడ్డు పక్క చెట్లకు మేకులు ఉంటాయి. ఫ్లెక్సీలు, కోచింగ్ సెంటర్ల బోర్డులు, టీవీ కేబుల్ కట్టిన తీగలు. ఒక్క మేకు చాలు, కత్తుల సెట్టు మొత్తం పోతుంది, ముక్క ఎగిరి మనిషికి తగులుతుంది. కొమ్మ పెట్టే ముందు చూసి పీకడానికి ఒక మనిషిని ప్రత్యేకంగా పెట్టండి, ఆ కూలి దండగ కాదు.

కరెంటు లైను పక్కన పని అయితే లైన్‌మన్ ఎల్‌సీ తీసుకున్నాడని నిర్ధారించుకోకుండా చెట్టు ఎక్కకండి. చెట్టు మొత్తం కొట్టాలంటే వాల్టా చట్టం 2002 కింద అనుమతి సంగతి అటవీ శాఖ కార్యాలయంలో అడగండి.

సబ్సిడీ, కాగితాలు

కేంద్ర ప్రభుత్వ స్మామ్ పథకం మార్గదర్శకాల్లో వ్యక్తిగత యంత్రాలకు ఎస్సీ, ఎస్టీ, మహిళా, చిన్న, సన్నకారు రైతులకు 50 శాతం వరకు, మిగతావారికి 40 శాతం వరకు సాయం ఉంది. అద్దె కేంద్రాలకు ప్రాజెక్టు ఖర్చులో 40 శాతం వరకు. ఒక్కో యంత్రానికి గరిష్ఠ పరిమితి కూడా ఉంటుంది కాబట్టి ఈ ఏడాది మీ జిల్లాకు చిప్పర్ జాబితాలో ఉందా, ఎంత ఇస్తున్నారు అన్నది రైతు సేవా కేంద్రంలో గానీ మండల వ్యవసాయ అధికారిని గానీ అడిగి, ఆ తర్వాతే అడ్వాన్సు ఇవ్వండి.

కొటేషన్‌తో పాటు పరీక్షా నివేదిక చూపించమనండి. మన రాష్ట్రంలో అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. నివేదికలో ఉన్న మోడల్ పేరు, బిల్లులో ఉన్న పేరు, యంత్రం ప్లేటు మీద ఉన్న పేరు, మూడూ అక్షరం తేడా లేకుండా ఉండాలి. సీరియల్ నెంబరు ఫోటో తీసి పెట్టుకోండి. మీ వాటా డబ్బు చేతికి ఇవ్వకుండా బ్యాంకు ద్వారానే కట్టండి.

డబ్బు కట్టే ముందు చివరిగా ఒక పని చేయండి: మీ ట్రాక్టర్‌ను, మీ ఊళ్లో దొరికే అతి లావైన ఎండు కొమ్మను డీలర్ దగ్గరికి తీసుకెళ్లి, మీ ఎదురుగా అరగంట నడిపి చూపించమనండి.