పాత రికార్డుల అన్వేషణ: తూకానికి అమ్మే ముందు ఒక్కసారి లేబులు చదవండి

అటకపై మూలపడిన గ్రామఫోను రికార్డులను ఇత్తడి ముక్కలతో, పాత దినపత్రికలతో కలిపి తూకానికి అమ్మివేయడం తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతాల గ్రామాలలో చిరకాలంగా సాగుతున్నదే. కాగా, ప్రపంచంలో వీటికి గిరాకీ మళ్ళీ పెరిగింది. 2022లో అమెరికాలో వినైల్ రికార్డులు సుమారు 4.1 కోట్లు అమ్ముడు కాగా, సీడీలు 3.3 కోట్లు మాత్రమే అమ్ముడయ్యాయి. రికార్డులు సంఖ్యలో సీడీలను మించడం 1987 తరువాత అదే ప్రథమం. ఆ దేశంలో ధర్మసంస్థలు నడిపే పాత వస్తువుల దుకాణాలలో చౌక రికార్డుల కోసం గంటల తరబడి వెతికేవారున్నారు. మనకు అటువంటి దుకాణాలు లేవు. వాటి స్థానంలో ఉన్నది తమిళంలో ‘కాయలాన్ కడై’ అని పిలిచే పాత సామాన్ల అంగడి.

సరిహద్దు గ్రామాలకు ఇది కేవలం వినోదం కాదు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి, పళ్ళిపట్టు ప్రాంతాలు చిత్తూరు జిల్లా నుండి విడివడి మద్రాసు రాష్ట్రంలో చేరాయి. 2006లో వచ్చిన చట్టంతో తమిళనాడు పాఠశాలల్లో తమిళం దశలవారీగా నిర్బంధ పాఠ్యభాష అయింది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూనే తెలుగు అక్షరం చదవలేని పిల్లలు ఈ ప్రాంతంలో పెరుగుతున్నారు. అక్షరం రాకపోయినా చెవితో అందుకోగల తెలుగు ఈ రికార్డులలో ఉంది.

రికార్డులు వచ్చిన దారి

భారతదేశంలో గ్రామఫోను ధ్వనిముద్రణ 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గానంతో ప్రసిద్ధికెక్కింది. 1908లో అదే నగరంలోని సియాల్దాలో రికార్డులు అచ్చువేసే కర్మాగారం వెలసింది. తరువాత ఆ పని డమ్‌డమ్‌కు మారింది. తెలుగు చలనచిత్ర పరిశ్రమ దశాబ్దాలపాటు మద్రాసులోనే ఉన్నందున, తెలుగు పాట మద్రాసులో ముద్రణ పొంది, డమ్‌డమ్‌లో అచ్చయి, మళ్ళీ మద్రాసు అంగళ్ళకు చేరేది. మద్రాసుకు రైలు దూరంలో ఉన్న మన ఊళ్ళకు అవి సులభంగా వచ్చాయి.

అయితే గ్రామఫోను పెట్టె కొనగలిగిన కుటుంబాలు బహు స్వల్పం. అధికసంఖ్యాకులు పాట విన్నది పెళ్ళిపందిట్లో, జాతరలో, తిరుత్తణి ఆడికృత్తిక ఉత్సవంలో మైకుసెట్టు ద్వారానే. అందుచేత రికార్డుల కోసం వెతికేవారు మొదట అడగవలసినది పూర్వం మైకుసెట్లు అద్దెకిచ్చిన కుటుంబాలను. క్యాసెట్లు వచ్చిన తరువాత వారి పెట్టెలు గోదాములో చేరాయి.

మూర్ మార్కెట్ జ్ఞాపకం

పాత రికార్డులకు, పుస్తకాలకు ఒకప్పుడు పేరుపడ్డది మద్రాసు సెంట్రల్ స్టేషన్ పక్కనున్న మూర్ మార్కెట్. 1985 మేలో జరిగిన అగ్నిప్రమాదంలో ఆ కట్టడం దగ్ధమయింది. వర్తకులలో పలువురు సమీపంలోని అల్లికుళం సముదాయానికి తరలారు. తిరుత్తణి, తిరువళ్ళూరుల నుండి లోకల్ రైలులో వెళ్ళేవారు చెన్నైలో దిగే స్టేషన్‌ను నేటికీ మూర్ మార్కెట్ కాంప్లెక్స్ అనే పిలుస్తారు. నిత్యం వేలాది మంది నడిచే ఆ ప్లాట్‌ఫారాలు పాత అంగళ్ళు ఉండిన తావులోనే వెలిశాయి.

లక్కదా, వినైలుదా?

చేతికి దొరికిన రికార్డు ఏ జాతిదో మొదట తెలుసుకోవాలి. నిమిషానికి 78 చుట్లు తిరిగేది లక్క రికార్డు. లక్కలో రాతిపొడి, మసి కలిపి దీనిని తయారుచేసేవారు. ఇది బరువుగా ఉంటుంది, జారిపడితే పెంకులా పగులుతుంది. పది అంగుళాల రికార్డులో ఒక్కొక్క వైపు సుమారు 3 నిమిషాల పాటే పడుతుంది. నాటకరంగంలో ఒక పద్యాన్ని పావుగంట రాగం తీసి పాడే నటుడు సైతం రికార్డు కోసం ఆలాపన కుదించుకోవలసి వచ్చేది.

1948లో అమెరికాలో వెలువడిన ఎల్.పి. రికార్డు వినైలుది. ఇది 12 అంగుళాల వెడల్పుతో, నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతూ, ఒక వైపే 20 నిమిషాలకు పైగా పాడుతుంది. 45 చుట్ల చిన్న రికార్డులు 7 అంగుళాలవి. మన సినిమా పాటలు వీటిపై విరివిగా వచ్చాయి. విద్యుత్తు లేని ఊళ్ళలో కీ ఇచ్చి తిప్పే పెట్టెలు వాడుకలో ఉన్నందున, ఇతర దేశాలు వదిలివేసిన తరువాత కూడా 1960లలో మన దేశంలో 78 రికార్డులు అచ్చవుతూనే వచ్చాయి. ఆ కాలంలో ఇక్కడ 78లపై వచ్చిన బీటిల్స్ పాటలకు నేడు విదేశీ సేకర్తలు పెద్ద మొత్తాలు చెల్లిస్తున్నారు.

కొనేముందు చూడవలసినవి

అంగడిలో ‘ఇసైత్తట్టు’ అని అడిగితే వర్తకునికి సులభంగా అర్థమవుతుంది. రికార్డును ఎండలో ఏటవాలుగా పట్టుకొని చూడాలి. గోటికి తగిలే గీత ఉంటే సూది అక్కడ ఎగురుతుంది. గాడులు బూడిదరంగుకు తిరిగి ఉంటే అరిగినదని అర్థం. కంటి ఎత్తులో అడ్డంగా పట్టుకుంటే వంకర తెలుస్తుంది. బూజు మాత్రం కడిగితే పోతుంది. కనుక బూజు పట్టినదని వర్తకుడు ధర తగ్గిస్తే కొనుగోలుదారునికి లాభమే.

లేబులును తప్పక చదవాలి. హెచ్.ఎం.వి., కొలంబియా, ఓడియన్, ట్విన్ వంటి కంపెనీ పేరు, వరుస సంఖ్య, గాయకుల పేర్లు అక్కడ ఉంటాయి. సినిమా రికార్డులపై ‘తెలుగు ఫిల్మ్’ అనే మాట సాధారణంగా ఆంగ్ల అక్షరాలలో ఉంటుంది. తమిళ వర్తకుడు పక్కన పడవేసిన కట్టలో ఘంటసాల గానం చేసిన పుష్పవిలాపం పద్యాలో, డి.వి. సుబ్బారావు హరిశ్చంద్ర పద్యాలో ఉండవచ్చు. ఘంటసాల భగవద్గీత రికార్డులు అనేక ప్రతులు అచ్చయినవి కనుక వాటికి అధిక ధర చెల్లించనవసరం లేదు. తక్కువ ప్రతులే వచ్చిన హరికథలు, నాటక పద్యాలు అరుదు. చెన్నైలో వి.ఎ.కె. రంగారావు వంటివారు వేలాదిగా సేకరించినందువల్లనే అనేక పాటల వివరాలు నేటి తరానికి తెలిశాయి.

శుభ్రం, భద్రం

లక్క రికార్డును స్పిరిటుతో తుడవరాదు. స్పిరిటులో లక్క కరుగుతుంది. మంచినీటిలో తడిపిన మెత్తని గుడ్డతో గాడుల వెంబడి గుండ్రంగా తుడిచి, వెంటనే ఆరబెట్టాలి. వినైలుకు నీటిలో ఒక చుక్క సబ్బుద్రావణం కలపవచ్చు. రెండింటిలోనూ లేబులు తడవకూడదు. 78 గాడి వెడల్పు, ఎల్.పి. గాడి సన్నం. దేని సూది దానికే వాడాలి. గ్రామఫోను ఉక్కుసూదిని ఎల్.పి.పై పెడితే అది ఒక్కసారితోనే పాడవుతుంది. రికార్డులను ఒకదానిపై ఒకటి పేర్చక, పుస్తకాలవలె నిలబెట్టాలి. రేకుల కప్పు కింద వేడికి వినైలు వంగిపోతుంది.

ఇంట్లో రికార్డులున్నవారు వాటిని తూకానికి వేసే ముందు లేబులు వివరాలు ఒక పుస్తకంలో రాసుకోవాలి. ఇంట్లోని పెద్దలను ఆ పాట ఎప్పుడు, ఎవరి పెళ్ళిలో వేశారో అడిగి ఆ పక్కనే చేర్చాలి. తెలుగు చదవలేని పిల్లల కోసం అదే వివరం తమిళ లిపిలోనూ రాయడం మేలు. పనిచేసే పెట్టె దొరికిన నాడు సెల్‌ఫోనులోకి ఒకసారి ఎక్కించుకుంటే, ఆ తరువాత రికార్డు పగిలినా తాతల కాలపు పద్యం ఇంట్లో వినిపిస్తూనే ఉంటుంది.