రొమ్ము క్యాన్సర్ ఒకే రోగము కాదు



మిరప, పత్తి, వరి పండించే కేసముద్రం రైతులకు ఒక సంగతి ఎవరూ నేర్పనక్కరలేదు. పత్తి చేనులో పచ్చదోమకు కొట్టే మందు గులాబీ రంగు పురుగుకు పనిచేయదు. చేను ఒక్కటే అయినా పురుగు వేరు గనుక మందు కూడా వేరు. రొమ్ము క్యాన్సర్ విషయములో కూడా ఇదే సత్యము. నేడు మన దేశపు స్త్రీలలో అన్నిటికంటె ఎక్కువగా కనబడే క్యాన్సర్ ఇదే. 2022లో దాదాపు 1,92,000 మందికి ఇది కొత్తగా వచ్చినట్లు అంచనా.

ఒకే ఊరిలో ఇద్దరు స్త్రీలకు ఈ రోగము వచ్చిందనుకొందాము. ఒకామెకు గడ్డ తీసివేసి, కరెంటు పెట్టి, రోజుకొక మాత్ర వ్రాసి పంపారు. రెండవ ఆమెకు ఆపరేషనుకు ముందే నెలల తరబడి కీమో ఎక్కిస్తున్నారు. జుట్టు ఊడిపోయింది, అన్నము సహించడము లేదు. "వదినా, నాకు మాత్రతోనే తగ్గింది. నీకెందుకమ్మా ఆ సూదులు?" అని మొదటి ఆమె ప్రేమతోనే అంటుంది. ఆ మాట విని రెండవ ఆమె మధ్యలో మానివేస్తే ఆమె ప్రాణానికే ముప్పు. ఎందుకో తెలిసికొందాము.

కీమో ఎవరిమీద పనిచేస్తుంది?

కీమో మందులు ముఖ్యముగా వేగముగా విభజన చెందే కణములను చంపుతాయి. జుట్టు కుదుళ్లు, నోటి లోపలి పొర కూడా వేగముగా పెరిగేవే గనుక జుట్టు ఊడుతుంది, నోరు పూస్తుంది. దీనినిబట్టి ఒక వింత సంగతి మనకు అర్థమవుతుంది. త్వరగా పెరిగే భయంకరమైన గడ్డ కీమోకు త్వరగా కరుగుతుంది. మెల్లగా పెరిగే గడ్డ కీమోకు అంతగా లొంగదు.

రోగములోని రకాలు

1896లో గ్లాస్గో వైద్యుడు జార్జి బీట్సన్ అండాశయములు తీసివేస్తే కొందరు స్త్రీలలో రొమ్ము గడ్డ కరిగినట్లు ప్రకటించాడు. అయితే అందరిలోను అలా జరుగలేదు. 2000 సంవత్సరములో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ శాస్త్రజ్ఞులు గడ్డలలోని జన్యువులను పరిశీలించి, ఇందులో వేర్వేరు రకాలున్నవని చూపించారు. సులభముగా చెప్పాలంటే అవి ఇవి.

మొదటిది, హార్మోను రకము. ఈ గడ్డకు స్త్రీ హార్మోనే ఆహారము. ఇందులో మెల్లగా పెరిగేదానికి కీమోవలన కలిగే మేలు తక్కువ. ఆ ఆహారమును అడ్డుకొనే టామాక్సిఫెన్, లెట్రోజోల్ వంటి మాత్రలే దీనికి ముఖ్యమైన ఆయుధము. పదివేలమందికి పైగా స్త్రీలు పాల్గొన్న ఒక పెద్ద పరిశీలన ఫలితాలు 2018లో వచ్చాయి. చంకలోని గ్రంథులకు పాకని ఈ రకములో, గడ్డ జన్యు పరీక్షలో మధ్యస్థ ఫలితము వచ్చినవారిలో, ముఖ్యముగా 50 ఏళ్లు దాటినవారికి, మాత్రలకు కీమో జోడించినందువలన అదనపు మేలు కలుగలేదని తేలింది.

రెండవది, హార్మోను రకమే గాని వేగముగా పెరిగేది. దీనికి తరచుగా కీమో, మాత్రలు రెండూ కావలసి వస్తాయి.

మూడవది, హెర్-2 రకము. కణముమీద హెర్-2 అనే మాంసకృత్తు మితిమీరి ఉంటుంది. ఒకప్పుడు ఇది మిక్కిలి ప్రమాదకరమైనది. 1998లో అమెరికాలో ట్రాస్టుజుమాబ్ అనే మందుకు అనుమతి లభించిన తరువాత పరిస్థితి మారింది. కీమోతో కలిపి దీనిని ఇస్తే, ఆపరేషను నాటికి గడ్డ ఆనవాలు కూడా మిగలనివారు చాలామంది ఉన్నారు. మన దేశములో తయారైన ఇదే రకపు మందు 2014 నుండి తక్కువ ధరకు దొరుకుతున్నది.

నాలుగవది, ట్రిపుల్ నెగెటివ్. రెండు హార్మోను గ్రాహకాలు, హెర్-2, ఈ మూడూ లేనిది. గనుక ఆ మాత్రలు, ట్రాస్టుజుమాబ్ దీనికి పనిచేయవు, కీమోయే ప్రధానమైన మందు. కీమోతో పూర్తిగా కరిగిపోతే భవిష్యత్తు ఆశాజనకము. ఏమైనా మిగిలితే మొదటి మూడు నాలుగు ఏండ్లలో తిరిగి వచ్చే ప్రమాదము ఎక్కువ. పాశ్చాత్య దేశాలలో ఇది నూటికి 10 నుండి 15 మందిలో కనబడితే, మన దేశపు పరిశీలనలలో సుమారు నాలుగవ వంతునుండి మూడవ వంతు వరకు ఉన్నది. పైన చెప్పిన రెండవ స్త్రీ ఈ రకమునకు చెందినదైతే, కీమో మానుట అంటే ఉన్న ముఖ్యమైన ఆయుధమును పారవేయుటే.

మన తెలుగువాని సేవ

1895లో భీమవరములో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పనిచేశారు. కణ విభజనకు అవసరమైన ఫోలిక్ ఆమ్లమును అడ్డుకొనే మందులు ఆయన బృందము చేతిలో తయారైనవి. వాటిలో ఒకటి మెథోట్రెక్సేట్. ఆయన 1948లో మరణించారు. 1976లో ఇటలీ వైద్యుడు బొనడోన్నా ఇదే మందును మరి రెండు మందులతో కలిపి, ఆపరేషను తరువాత ఇస్తే రొమ్ము క్యాన్సర్ తిరిగి రావడము తగ్గుతుందని ప్రకటించాడు. ఆ వైద్యము చాలా ఏండ్లు లోకమంతటా నడిచింది.

కుటుంబము చేయవలసినవి

గడ్డ కనబడగానే పసరు వైద్యముతో నెలలు పోగొట్టుకోవద్దు. ముక్క పరీక్ష చేసినప్పుడు ఈ.ఆర్., పి.ఆర్., హెర్-2 పరీక్షలు చేశారా అని డాక్టరుగారిని అడగండి. "అయ్యా, మా ఆమెది ఏ రకము? ఎంత వరకు పాకింది?" అని అడగడము తప్పు కాదు. వైద్యము ఈ రెండు జవాబులమీద ఆధారపడుతుంది. ఆ కాగితము పొలము పాసుపుస్తకమువలె భద్రపరచండి.

కీమో నడుస్తుండగా జ్వరము 100.4 డిగ్రీలు దాటితే తెల్లవారే వరకు ఆగక వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోండి. రక్తములో తెల్లకణాలు తగ్గినప్పుడు చిన్న జ్వరమే ప్రాణము తీయవచ్చును. హార్మోను మాత్రలు ఐదేండ్లు, కొందరికి పదేండ్లు. బాగున్నామని మానవద్దు. ఈ రకము పదేండ్ల తరువాత కూడా తిరిగి రాగలదు.

హైదరాబాదులో 1955లో ప్రారంభమైన ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నది. క్యాన్సర్ వైద్యము ఆరోగ్యశ్రీ క్రింద కూడా లభిస్తుంది. కేసముద్రములో రైలెక్కితే సికింద్రాబాదు చేరవచ్చును. అయితే నెలనెలా తోడుగా వెళ్లే మనిషి దొరకడమే పేద ఇంటికి కష్టము. సంఘములోని స్త్రీల సమాజము, యౌవనస్థులు వంతులు వేసికొని తోడు వెళ్లితే, ఆ ఇంటి పిల్లలకు అన్నము పెడితే, అది పెద్ద పరిచర్య.

ఒక్క మాట. గడ్డ కరుగని సహోదరిని చూచి "విశ్వాసము చాలలేదు" అనవద్దు. అది ఆమె గడ్డ రకమునుబట్టి జరిగినది. ఆమె కొరకు ప్రార్థించుదాము, మందు మానకుండ ఆమె చెయ్యి పట్టుకొని నడిపించుదాము.