పొగ తాగేవారికి విరిగిన ఎముక ఎందుకు ఆలస్యంగా అతుకుతుంది?



ఎముకల వార్డులో రౌండ్సుకు వెళ్లినప్పుడు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "ఆపరేషన్ అయి ఐదు నెలలు దాటింది. రాడ్డు వేశారు. మందులు వేళకు వేసుకుంటున్నాం. ఎముక ఇంకా ఎందుకు అతకలేదండీ?" దీనికి చాలా కారణాలు ఉండవచ్చు. దెబ్బ పెద్దది కావచ్చు, షుగరు వ్యాధి ఉండవచ్చు, గాయంలో చీము పట్టి ఉండవచ్చు. వీటిని మేము పరీక్షలు చేసి తెలుసుకుంటాం. కాని రోగి నోరు విప్పి చెబితే తప్ప మాకు తెలియని కారణం ఒకటుంది. అది తలగడ కింద దాచిన బీడీ కట్ట.

"బీడీ ఊపిరితిత్తులకు చెడ్డదని తెలుసు గాని, కాలి ఎముకతో దానికేం పని?" అని కొందరు అంటారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు కావాలంటే ఎముక ఎలా అతుకుతుందో ముందు తెలుసుకోవాలి.

ఎముక రాయిలాంటిది కాదు, ప్రాణమున్న భాగం. అందులో ఎముకను కట్టే కణాలు, పాత ఎముకను తొలిచే కణాలు ఎప్పుడూ పని చేస్తూనే ఉంటాయి. ఎముక విరిగినప్పుడు మొదట ఆ చోట రక్తం గడ్డకడుతుంది. తరువాత రెండు మూడు వారాల్లో ఆ గడ్డ స్థానంలో చెవి డొప్పలో ఉండే లాంటి మెత్తటి పదార్థం ఏర్పడి, విరిగిన రెండు ముక్కలకు వంతెన వేస్తుంది. కట్టే కణాలు దాన్ని నెమ్మదిగా గట్టి ఎముకగా మారుస్తాయి. ఇదంతా జరగడానికి నెలలు పడుతుంది. మేము వేసే రాడ్డు, ప్లేటు, సిమెంటు కట్టు ఆ ముక్కలు కదలకుండా పట్టి ఉంచుతాయి, అంతే. పుత్తూరు కట్టు కట్టించుకున్నా సంగతి ఇదే. అతికించే పని లోపలి కణాలది. ఆ కణాలకు కావలసిన సరుకంతా రక్తంలో రావాలి.

పొగ దెబ్బ కొట్టేది ఇక్కడే. పొగలోని నికోటిన్ సన్నని రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు అంతకంటే మాయదారిది. రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌కు ఇది ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. అంటే బండ్లు తిరుగుతూనే ఉంటాయి గాని, వాటిలో సరుకు ఉండదు. మోకాలి కింద ముందువైపు ఎముకకు, ముఖ్యంగా దాని కింది భాగానికి, రక్త సరఫరా మామూలుగానే తక్కువ. మన రోడ్లమీద మోటారు సైకిలు ప్రమాదాల్లో తరచుగా విరిగేది కూడా ఆ ఎముకే.

ఇంకొకటి ఉంది. పొగాకు కాలినప్పుడు వచ్చే తారులో బెంజోపైరీన్ వంటి విషాలు ఉంటాయి. ఇవి నేరుగా కణాల్లోకే దూరి వాటి పనిని చెడగొడతాయి. 2012లో ప్రచురించిన ఒక పరిశోధనలో, ఎలుకలకు సిగరెట్ పొగ గాని, బెంజోపైరీన్ ఒక్కటే గాని తగిలినప్పుడు, పైన చెప్పిన మెత్తటి వంతెన కట్టే దశే దెబ్బతిని ఎముక అతకడం ఆలస్యమైంది. కాబట్టి నేరమంతా నికోటిన్‌ది కాదు. పొగాకు ఆకు నేలలోనుండి పీల్చుకునే కాడ్మియం కూడా ఎముకకు శత్రువే.

మనుషుల్లో ఎలా ఉంది? అమెరికాలో 8 పెద్ద ఆసుపత్రుల్లో, చర్మం చీలి కాలి ఎముక విరిగినవారిని గమనించి 2005లో ఫలితాలు ప్రకటించారు. పొగ తాగనివారితో పోల్చితే, తాగేవారిలో ఎముక అతికే అవకాశం 37 శాతం తక్కువ. చీము ఎముకలోకి దిగే ప్రమాదం మూడున్నర రెట్లకు పైనే. అంతకుముందే మానేసినవారిలో కూడా అతికే అవకాశం 32 శాతం తక్కువగా కనిపించింది.

ఈ మాట వినగానే "అయితే ఇప్పుడు మాని లాభమేమిటి?" అని అడుగుతారు. లాభం ఉంది. స్వీడన్‌లోని స్టాక్‌హోమ్ ఆసుపత్రుల్లో, ఎముక విరిగి ఆపరేషన్ జరిగిన 105 మంది పొగ తాగేవారిలో కొందరికి ఆరు వారాల పాటు మానడానికి సహాయం చేశారు. 2010లో ఫలితం వచ్చింది. సహాయం అందనివారిలో 38 శాతం మందికి గాయంలో చీము వంటి ఇబ్బందులు రాగా, సహాయం అందినవారిలో అది 20 శాతమే. వీరు మానడానికి ప్రయత్నించింది ఎముక విరిగిన తరువాతేనని గమనించండి. ఆఖరి బీడీ తరువాత నాలుగైదు గంటల్లో రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ సగానికి తగ్గుతుంది. ఒక రోజులో దాదాపు పోతుంది.

చుట్టకూ ఇదే మాట వర్తిస్తుంది. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల్లో అమ్మమ్మలు నిప్పువైపు నోట్లో పెట్టుకొని కాల్చే అడ్డపొగ అంగిలి క్యాన్సరు తెస్తుందని చాలామందికి తెలుసు. తుంటి విరిగి మా దగ్గరకు వచ్చిన అమ్మమ్మ చుట్ట సంగతి మాత్రం ఇంట్లోవాళ్లు మొహమాటపడి చెప్పరు. ఖైనీ, గుట్కాల్లో పొగ లేకపోయినా నికోటిన్ ఉంది.

వంటింటి పొగ గురించి కూడా అడుగుతుంటారు. హైదరాబాదు చుట్టుపక్కల 28 గ్రామాల్లో 3,700 మందికి పైగా పెద్దలను పరీక్షించి 2020లో ప్రకటించిన అధ్యయనంలో, బయటి గాలిలో సన్నని ధూళి ఎక్కువ ఉన్నచోట ఎముకల సాంద్రత తక్కువగా కనిపించింది. కట్టెల పొయ్యికి మాత్రం అటువంటి సంబంధం కనిపించలేదు. ఊపిరితిత్తులకు, కళ్లకు దానివల్ల జరిగే కీడు వేరే సంగతి.

చూడటానికి వచ్చే బంధువులకు ఒక మనవి. "పాపం, మంచంలో పడి ఉన్నాడు, ఒక్కటైనా కాల్చుకోనీ" అని జాలిపడి బీడీలు తెచ్చి ఇవ్వకండి. ఒకవైపు పాయా, నల్లేరు పచ్చడి ప్రేమగా తినిపిస్తూ, మరోవైపు ఆ బలం ఎముకకు చేరే దారి మూసినట్లవుతుంది. అతకకపోతే మళ్లీ ఆపరేషన్, తుంటి నుండి ఎముక తీసి పెట్టడం, ఇంకో ఆరు నెలలు కూలి లేకపోవడం. ఆ భారం ఇంటిల్లిపాదీ మోయాలి.

ఓ.పి.లో డాక్టరుగారు అడిగినప్పుడు రోజుకు ఎన్ని కాలుస్తారో ఉన్నది ఉన్నట్లు చెప్పండి. మీ పాస్టరుగారికి చెబుతామని గాని, మిమ్మల్ని తీర్పు తీరుస్తామని గాని భయపడనక్కరలేదు. మాకు కావలసింది ఆ అంకె మాత్రమే. మానాలనిపించినా మానలేకపోతున్నవారు జాతీయ ఉచిత నంబరు 1800-11-2356కు ఫోన్ చేయవచ్చు. నికోటిన్ బిళ్లలు, పట్టీలు మాత్రం ఎముక అతికే రోజుల్లో సొంతంగా కొనుక్కోకుండా డాక్టరుగారిని అడిగి వాడండి.