ఇంటి ప్లాన్‌తో పాటు కట్టిన లేబర్ సెస్సు ఎవరికి చేరుతోంది? అడ్డా మీది మేస్త్రీకి కార్డు ఎందుకు ఉండట్లేదు?

ఇల్లు కట్టుకోవడానికి మున్సిపాలిటీ అనుమతి తీసుకున్నవారు ఒకసారి ఆ ఫీజుల రశీదు తీసి చూడండి. అందులో 'లేబర్ సెస్' అని ఒక పద్దు కనిపించవచ్చు. నిర్మాణ వ్యయంలో ఒక శాతం. స్థలం ధరను ఈ లెక్కలో కలపరు. రూ.80 లక్షల నిర్మాణమైతే రూ.80 వేలు. ఫ్లాట్ కొన్నవారికి ఈ పద్దు విడిగా కనిపించదు. బిల్డర్ కట్టి, మీరిచ్చే ధరలో కలిపేస్తాడు.

ఈ డబ్బు ప్రభుత్వ సాధారణ ఖజానా కోసం వసూలు చేసేది కాదు. మీ ఇంటికి ఇటుక పేర్చినవాళ్లు, రాడ్ వంచినవాళ్లు, సెంట్రింగ్ కొట్టినవాళ్లు, తట్ట మోసినవాళ్ల కోసం రాష్ట్ర స్థాయిలో ఉండే నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డుకు వెళ్లాలి. ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి సాయం, కూతురి పెళ్లికి కానుక, ప్రసూతి సాయం వంటివి ఈ నిధి నుంచే ఇస్తారు. అయితే ఒక షరతు ఉంది. కార్మికుడి పేరు బోర్డులో నమోదై ఉండాలి. రేపు ఉదయం మీ దగ్గర్లోని అడ్డాకు వెళ్లి, 'లేబర్ కార్డు ఎంతమందికి ఉంది' అని అడిగి చూడండి. చాలామంది ఆధార్ కార్డు తీసి చూపిస్తారు.

ఎంతమంది చేస్తున్న పని ఇది?

కేంద్రం ఏటా చేసే కార్మికశక్తి సర్వే 2023-24 లెక్కల ప్రకారం దేశంలో పనిచేసేవారిలో దాదాపు 12 శాతం నిర్మాణ రంగంలోనే ఉన్నారు. ఫ్యాక్టరీలు, చిన్న తయారీ యూనిట్లు అన్నీ కలిపినా 11.4 శాతమే. 2004-05లో నిర్మాణ రంగం వాటా ఇందులో సగం కూడా లేదు. పొలం పని చాలక బయటికొచ్చిన మనిషికి ఫ్యాక్టరీ గేటు కన్నా ముందు కనిపించింది కట్టుబడి పనే.

తెలుగువాళ్లకు ఇది కొత్త కాదు. పాలమూరు కూలీలు గుంపు మేస్త్రీల వెంట దేశంలోని ఎన్నో ఆనకట్టల మీద పనిచేశారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లు హైదరాబాద్, చెన్నైలకు వెళ్తూనే ఉన్నారు. 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో కడుతున్న పదకొండు అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో ఉత్తరాంధ్ర కూలీలూ ఉన్నారు.

ఇప్పుడు హైదరాబాద్ శివార్లలో లేచే టవర్ల దగ్గర వినిపించేది ఎక్కువగా హిందీ, ఒడియా, బెంగాలీ. లాక్‌డౌన్‌లో దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు 2020 మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు బయల్దేరింది. దాదాపు 1,200 మంది ఎక్కిన ఆ రైల్లో ఎక్కువమంది సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ క్యాంపస్ నిర్మాణంలో పనిచేసినవారు. మన ఊరి మనిషి ఇంకో ఊరికి, ఇంకో రాష్ట్రం మనిషి మన ఊరికి. సైట్ మారినప్పుడల్లా కార్డు సమస్య మళ్లీ మొదటికొస్తుంది.

పని తీరు కూడా మారింది. పెద్ద అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు అల్యూమినియం అచ్చులు బిగించి గోడ, స్లాబ్ ఒకేసారి కాంక్రీటుతో పోసేస్తున్నారు. సైట్లలో దీన్నే 'మైవాన్' అంటారు. ఆ పద్ధతిలో ఇటుక పని, ప్లాస్టరింగ్ బాగా తగ్గిపోతాయి. అచ్చులు బిగించే గ్యాంగ్‌కు డిమాండ్ పెరిగింది, తాపీ మేస్త్రీకి ఆ టవర్లో పని తగ్గింది. రెడీమిక్స్ లారీ, పంపు వచ్చాక స్లాబ్ రోజున వరుసగా నిలబడి తట్టలందించే ఆడవాళ్ల పనీ పోయింది. దీని గురించి ఎక్కువగా మాట్లాడుకోం. మగవాడు హెల్పర్‌గా చేరి నాలుగేళ్లకు మేస్త్రీ అవుతాడు. పక్కనే అంతే కాలం మాల్ కలిపిన ఆమె హెల్పర్‌గానే ఉండిపోతుంది. యంత్రం వచ్చినప్పుడు మొదట తగ్గేది ఆ హెల్పర్ కూలీలే.

పైగా ఈ పనికి భరోసా ఉండదు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఇసుక దొరక్క కట్టుబడి ఆగిపోతే కూలీలు నెలల తరబడి పనుల్లేక తిరిగారు. అదే ఏడాది అమరావతి పనులు ఆగాయి, 2025 మే 2న ప్రధాని చేతుల మీదుగా మళ్లీ మొదలయ్యాయి. మధ్యలోని ఆరేళ్లు ఆ సైట్ల కూలీలు వేరే పని వెతుక్కోవాల్సిందే.

మరి కార్డు ఎవరికి ఇస్తారు?

వయసు 18 నుంచి 60 మధ్య ఉండాలి. గత 12 నెలల్లో కనీసం 90 రోజులు నిర్మాణ పని చేసి ఉండాలి. మేస్త్రీలు, కూలీలే కాదు, భవనంలో పనిచేసే పెయింటర్లు, ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, టైల్స్ వేసేవాళ్లు, వడ్రంగులు అందరూ అర్హులే. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఫొటోలు, నామినీ వివరాలు, 90 రోజుల పని ధ్రువీకరణ ఉండాలి. తెలంగాణలో మీసేవలో దరఖాస్తు చేయవచ్చు. ఏ రాష్ట్రంలోనైనా దగ్గర్లోని కార్మిక శాఖ కార్యాలయంలో అడగవచ్చు. రుసుము నామమాత్రం.

ఇబ్బంది ఎక్కువగా ఆ 90 రోజుల కాగితం దగ్గరే వస్తుంది. ఒకే కంపెనీ సైట్‌లో ఏడాది చేసినవాడికి కాంట్రాక్టర్ సంతకం పెట్టొచ్చు. అడ్డా మీద నిలబడేవాడికి సోమవారం ఒక యజమాని, బుధవారం ఇంకొకరు. సంతకం ఎవరు పెట్టాలి? అందుకే చాలామంది కార్మిక సంఘాల దగ్గరికి వెళ్తారు. మధ్యవర్తులకు డబ్బిచ్చేవాళ్లూ ఉన్నారు. ఈ సందులోంచే ఎన్నడూ ఇటుక ముట్టనివాళ్లకు కార్డులొస్తున్నాయి, అసలు మేస్త్రీ బయట ఉండిపోతున్నాడు. దొంగ కార్డుల మీద ఎంత ఏరివేత జరిపినా, నిజమైన కూలీ రోజు కూలి పోగొట్టుకోకుండా నమోదయ్యే దారి లేనంతకాలం ఈ తేడా పోదని నా అభిప్రాయం.

ఇంకో అపోహ కూడా ఉంది. 2021 ఆగస్టులో మొదలైన ఈ-శ్రమ్ కార్డు ఉంటే చాలనుకుంటారు. అది అసంఘటిత కార్మికులందరికీ కేంద్రం ఇచ్చే 12 అంకెల గుర్తింపు సంఖ్య. సంక్షేమ బోర్డు సభ్యత్వం దానికదే రాదు, విడిగా తీసుకోవాలి. బోర్డు కార్డును గడువు తీరకముందే రెన్యువల్ చేయించుకోవాలి. ప్రమాదం జరిగాక కార్డు తీసి చూస్తే గడువు దాటిపోయి ఉంటే కుటుంబానికి చిక్కే.

డబ్బు లేక కాదు

సెస్సు చట్టం 1996 నాటిది. 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఒక లెక్క ఉంది. అప్పటికి దేశమంతా వసూలైంది రూ.37,400 కోట్లకు పైనే. ఖర్చయింది సుమారు రూ.9,500 కోట్లు. ఖర్చయిన దాంట్లో కార్మికుల పేరుతో ల్యాప్‌టాప్‌లు, వాషింగ్ మెషీన్లు కొన్న సంగతినీ కోర్టు ప్రస్తావించింది. రెండేళ్ల తర్వాత లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఈ నిధి నుంచి కార్మికుల ఖాతాల్లో డబ్బు వేయమని కేంద్రం రాష్ట్రాలకు సూచించింది. పేరు నమోదైనవాళ్లకు వచ్చింది. నమోదు కానివాళ్ల ఖాతా నంబరే బోర్డు దగ్గర లేదు.

కొత్త కోడ్‌లతో ఏం మారింది?

2025 నవంబర్ 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1996 నాటి నిర్మాణ కార్మిక చట్టాల స్థానంలో ఇక ఇవే. 90 రోజుల నిబంధన, 18-60 ఏళ్ల పరిమితి అలాగే ఉన్నాయి. సెస్సు ఎంతో యజమానే స్వయంగా లెక్కగట్టి చెల్లించే పద్ధతి వచ్చింది. వలస కార్మికుడు రాష్ట్రం మారినా సెస్సు నిధి ప్రయోజనాలు అతని వెంట వెళ్లేలా పథకం తేవాలని కోడ్‌లో రాశారు. అది పక్కాగా అమలైతే కందిలో పనిచేసే జార్ఖండ్ కూలీకి చాలా పెద్ద సంగతే.

ఇల్లు కట్టేవారు గమనించాల్సింది ఇంకొకటి. సొంతంగా ఉండటానికి కట్టుకునే ఇంటి వ్యయం పాత చట్టం ప్రకారం రూ.10 లక్షల లోపైతేనే సెస్సు ఉండేది కాదు. కొత్త కోడ్‌లో ఆ పరిమితి రూ.50 లక్షలు. యజమానికి ఊరటే. అదే సమయంలో, మధ్యతరగతి సొంతిళ్ల నుంచి బోర్డుకు వచ్చే డబ్బులో కొంత ఆగిపోతుంది. ఆ ఇళ్లు కట్టేది ఎక్కువగా అడ్డా కూలీలే కదా!

మీ ఇంట్లో ఇప్పుడు పని నడుస్తుంటే, మేస్త్రీ ఎన్ని రోజులు పనిచేశాడో తేదీలతో ఒక కాగితం మీద రాసి, సంతకం, ఫోన్ నంబరు పెట్టి ఇవ్వండి. హెల్పర్‌గా వచ్చే ఆమెకూ విడిగా ఒకటి రాసివ్వండి. కార్డు కోసం వెళ్లినప్పుడు వాళ్లను మొదట అడిగేది అదే.