పిడుదు కాటుకు లెక్క వేరు

కర్ణాటకలోని శివమొగ్గ జిల్లాలో 1957లో బయటపడిన క్యాసనూరు అటవీ వ్యాధికి, అంటే కోతి జ్వరానికి, పాత టీకాను 2022లో నిలిపివేయగా, భారత వైద్య పరిశోధన మండలి హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునొలాజికల్స్‌తో కలిసి కొత్త టీకాను రూపొందిస్తున్నది. అడవిలో కోతులు చచ్చిపడటం చూసి తొలుత ఎల్లో ఫీవర్ అని భయపడ్డారు. వైరస్‌కు రష్యా మెదడువాపు వైరస్‌తో పోలిక ఉండటంతో, దానిని సైబీరియా నుంచి వలస పక్షులు తెచ్చి ఉంటాయని పరిశోధకుడు టెల్ఫర్డ్ వర్క్ ఊహించాడు. రెండూ నిలబడలేదు; ఈ వైరస్‌ను మోసేది అడవిలోని పిడుదులు.

వ్యాధి వ్యాప్తిని లెక్కగట్టే గణితానికి, 1897లో సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసిన రొనాల్డ్ రాస్ పునాది వేశాడు. దోమ ఒక కాటుతో వ్యాధిని తీసుకుని మరో కాటుతో అంటిస్తుంది గనుక ఆ సంప్రదాయపు సూత్రంలో కాటు రేటును దానితోనే గుణిస్తారు. పిడుదుకు ఇది చెల్లదు. గుడ్డు నుంచి వెలువడిన లార్వా ఒకసారి రక్తం తాగి, నేలకు రాలి, కుబుసం విడిచి, నింఫ్‌గా మరో జంతువుపై రెండోసారి, పెద్దదయ్యాక మూడోసారి తాగుతుంది. కాబట్టి ఒక దశలో పీల్చిన వైరస్ తరువాతి దశలో గానీ బయటికి రాదు.

అందుకే 2008లో పరిశోధకురాలు నీన్కె హార్టెమింక్ బృందం సోకిన జీవులను ఐదు రకాలుగా విడదీసింది: గుడ్డులోనే సోకిన పిడుదు, లార్వాగా, నింఫ్‌గా, పెద్దదిగా ఉన్నప్పుడు సోకినవి, చివరిగా సోకిన జంతువు. ఒక్కో రకం నుంచి సగటున ఏ రకం ఎన్ని తయారవుతాయో 25 గడుల పట్టికలో నింపి, తరానికీ తరానికీ మొత్తం ఎన్ని రెట్లవుతుందో చెప్పే సంఖ్యను, అంటే పట్టిక ప్రధాన ఐగెన్ విలువను రాబడతారు. అది 1 దాటితేనే వ్యాధి నిలదొక్కుకుంటుంది. ఈ పట్టికలో అత్యంత అందమైన గడులు పక్కపక్కనే అంటుకున్న పిడుదులవి: జంతువు రక్తంలో వైరస్ దాదాపు లేకున్నా నింఫ్ నుంచి లార్వాకు అది చర్మం గుండా చేరగలదు. 1987లో గినీ పిగ్‌లపై థొగొటో అనే మరో వైరస్‌తో చేసిన ప్రయోగం దీన్ని చూపేదాకా, రక్తంలో కనిపించని వైరస్‌ను లెక్కలోకి తీసుకోనక్కరలేదనే భావన బలంగా ఉండేది.

ఏ గడి ముఖ్యమో పిడుదును బట్టి మారుతుంది. పశువులపై సాధారణంగా కనిపించే రిపిసెఫాలస్ మైక్రోప్లస్ అనే పిడుదు మూడు దశలూ ఒకే పశువుపై గడుపుతుంది. అందుకే కోనసీమ కొబ్బరితోటల్లో కట్టిన ఆవుకు ఎర్రమూత్రం తెప్పించే బబీసియా పరాన్నజీవి మరో పశువును చేరడానికి ప్రధానంగా తల్లి పిడుదు గుడ్డే దారి. శివమొగ్గ అడవిలో పశువుల పాత్ర వేరు: అవి పెద్ద పిడుదులకు రక్తమిచ్చి గుడ్లను పెంచుతాయి, కానీ వాటి రక్తంలో వైరస్ తగినంత పెరగదు.

మనిషికైతే ఈ పట్టికలో గడే లేదు. మనిషి నుంచి వైరస్ తిరిగి పిడుదును చేరడం లెక్కకు రానిది కాబట్టి, టీకా అడవికి వెళ్ళే కూలీని కాపాడుతుందే గానీ అడవిలోని సంఖ్యను వెంట్రుకవాసి కూడా కదపదు; టీకా ప్రకటనల హడావిడిలో ఈ మాట వినిపించేది అరుదు.