కారు రేకుకి ఏ వెల్డింగ్ వైరు వాడాలి?

టింకరింగ్ నేర్చుకునే రోజుల్లో, ఓ కారు డోరు కింద తుప్పు చిల్లుకి అతుకు వేయబోయి, వేలు పట్టేంత చిల్లుని అరచెయ్యంత చేశాను. కొత్త డోరు ఖర్చు నా జీతంలోంచే పోయింది. కారణం? మిషన్‌లో ఉన్నది గేట్లకి వాడే 1.2 ఎంఎం వైరు. నేను చూసుకోలేదు.

కారు బాడీ రేకు మందం చాలావరకు 0.7, 0.8 ఎంఎం అంతే. వైరు లావైతే అది కరగడానికి కరెంటు ఎక్కువ కావాలి. ఆ వేడికి రేకే కరిగిపోతుంది. అందుకే మిగ్ మిషన్‌లో 0.6 ఎంఎం వైరు పెట్టండి. దొరక్కపోతే 0.8. అంతకు మించొద్దు.

రకం ఈఆర్70ఎస్-6 అడగండి. ఇందులో సిలికాన్, మాంగనీస్ ఎక్కువ, అందుకే కొద్దిపాటి తుప్పుని తట్టుకుంటుంది. అయినా రేకుని మెరిసేదాకా గ్రైండ్ చేయాల్సిందే. గ్యాస్ అయితే ఆర్గాన్, సీఓటూ మిక్స్. గ్యాస్ అక్కర్లేని ఫ్లక్స్ కోర్ వైరుకి వేడెక్కువ, రవ్వలెక్కువ. పల్చని రేకుకి వద్దు.

వైరు సైజు మారిస్తే టిప్పు, రోలర్ కూడా మార్చాలి. ఒకే గీతగా లాగొద్దు. ఇక్కడో చుక్క, దూరంగా ఇంకో చుక్క, చల్లారాక మళ్ళీ. ముందు పాత రేకు ముక్క మీద ట్రై చేయండి. అది కాలిపోయినా జీతం పోదు కదా!