ఉప్సాలా కథీడ్రలు

కథీడ్రలనగా మిక్కిలి పెద్ద దేవాలయమని మా విద్యార్థులు పలువురు తలంచుచున్నారు. అది సరికాదు. బిషపుగారి పీఠము ఏ దేవాలయమునందుండునో, అది చిన్నదైనను పెద్దదైనను, దానికే కథీడ్రలని పేరు. స్వీడను దేశమునందలి ఉప్సాలా పట్టణపు కథీడ్రలు పీఠమును బట్టియు, పరిమాణమును బట్టియు ప్రసిద్ధి కెక్కినది. దాని వృత్తాంతమును సంగ్రహముగా తెలుపుదుము.

1164వ సంవత్సరమున ఉప్సాలాలో ఆర్చిబిషపు పీఠము స్థాపింపబడెను. నాటి దేవాలయము ఇప్పటి పట్టణమునకు ఉత్తరమున, ప్రాత ఉప్సాలా యనుచోట నుండెను. అది అగ్నిచే చెడిన పిదప పీఠమును ఫీరిసు నదీతీరమునకు మార్చి, 13వ శతాబ్దపు ఉత్తరార్ధమున క్రొత్త దేవాలయమును కట్టనారంభించిరి. 1287లో ఎతియెన్ ద బొన్నేయ్ అను శిల్పి యీ పనికై పారిసులో ఒడంబడిక వ్రాసికొనెను. ప్రతిష్ఠ జరిగినది 1435లో. పునాదికి మన్ను త్రవ్వినవారిలో నొక్కరైనను ఆ దినమును చూడలేదు.

ఈ కట్టడము గోథిక్ పద్ధతిది. ఇందు కమానులు గుండ్రముగా గాక పైన కొనదేరి యుండును. కప్పు బరువు గోడయంతటిమీద పడక, స్తంభములమీదను వెలుపలి ఊతకట్లమీదను దిగును. కావున గోడలలో పెద్ద కిటికీలుంచి వెలుతురును రానీయవచ్చును. ఫ్రాన్సులో ఇట్టి దేవాలయములను రాతితో కట్టిరి. ఉప్సాలాలో ముఖ్యముగా ఇటుకతో కట్టిరి. దీని పొడవు సుమారు 119 మీటర్లు. గోపురముల యెత్తును అంతియే.

1702లో పట్టణమును దహించిన అగ్ని దేవాలయమునకును తగిలి గోపురములను పాడుచేసెను. పెక్కేండ్లు పొట్టి శిఖరములతోనే గడచిన పిమ్మట, 1885 మొదలు 1893 వరకు హెల్గో సెట్టర్‌వాల్ అను శిల్పి జీర్ణోద్ధారము కావించి నేటి యెత్తైన శిఖరములను నిలిపెను. కావున నేడు కానవచ్చు రూపము ఒక్క కాలపుది కాదు.

లోపల గుస్టావు వాసా రాజును, 1778లో మరణించిన కార్ల్ లిన్నేయసును సమాధి చేయబడియున్నారు. మన వృక్షశాస్త్ర పాఠములలో మామిడికి చెప్పు మాంజిఫెరా ఇండికా యను పేరు 1753లో ఈ లిన్నేయసు పెట్టినదే.

ఉపాధ్యాయులమైన మాకు ప్రతిష్ఠ జరిపినవారికంటె ఆ దినమును చూడని పనివారే యెక్కువ స్మరణీయులుగా తోచుచున్నారు. మేము నేడు బోధించునది ఎవరియందు ఎప్పుడు ఫలించునో మేము చూడకపోవచ్చును. ఐనను ఇటుకను వంకరగా పెట్టుటకు అది సాకు కారాదు. పై వరుస నిలుచునది క్రింది వరుసమీదనే గదా!